ఫెయిల్ కాగలిగే పరీక్ష

ఒక పరీక్ష ఫెయిలైంది. దిద్దాల్సింది పరీక్ష రాసినవాణ్ణా, పరీక్షనా? సాఫ్ట్‌వేర్ వాళ్ళం దీన్ని టెక్నికల్ ప్రశ్నగా చూసి రెండు నిమిషాల్లో తేల్చేస్తాం. నాకు మాత్రం ఇది నీతికి సంబంధించిన ప్రశ్న అనిపిస్తుంది, అదీ కాస్త చిక్కుముడే.

నేను పనిచేసేది డీబగ్గర్ మీద. వేరే ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికి వాడే ప్రోగ్రాం అది. ఫలానా లైను దగ్గర ఆగమంటే ఆగాలి, ఆ క్షణాన ఏ వేరియబుల్‌లో ఏముందో చెప్పాలి. అది సరిగ్గా చెప్తోందో లేదో చూడ్డానికి ఆటోమేటెడ్ టెస్టులుంటాయి. ఆ టెస్టుల్ని ఎవరైనా మారిస్తే ఆ మార్పుని రివ్యూ చేయడం నా వంతు. తప్పు వెతికేదాని తప్పు వెతికేదాంట్లో తప్పు వెతకడం అన్నమాట. ఇంట్లోవాళ్ళకి నా ఉద్యోగం గురించి చెప్పడం మానేసి చాలా కాలమైంది.

ముదినేపల్లిలో ఇంటి నుంచి పనిచేస్తున్న రోజుల్లో అలాంటి మార్పు ఒకటి రివ్యూకొచ్చింది. ఒక టెస్టు నలభైసార్లలో ఒకసారి ఫెయిలవుతోంది. డీబగ్గర్ ఇచ్చే జవాబు టెస్టుకి ఎప్పుడూ ఒకే ముక్కగా చేరదు. మెషీన్ మీద భారం ఎక్కువున్నప్పుడు 'ఆగాను' అన్న ముక్క ముందొస్తుంది, లైను నంబరు ఆ వెనక వస్తుంది. టెస్టు తొందరపడి సగం జవాబుకే తీర్పు చెప్పేస్తోంది. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు దీనికి చేసిన వైద్యం ఏమిటంటే, లైను నంబరు పోల్చడం తీసేసి, 'ఆగాను' అన్న మాట కనిపిస్తే చాలు, పాస్ అనిపించడం.

"వెయ్యిసార్లు రన్ చేశానన్నా, ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు," అన్నాడు.

నేను డీబగ్గర్‌ని కావాలనే చెడగొట్టాను. ప్రతి లైను నంబరుకీ ఒకటి కలిపి చెప్పేలా మార్చి, అతని టెస్టు నడిపాను. పాస్. డీబగ్గర్ అబద్ధం చెప్తున్నా పాస్.

చేపల చెరువులున్న మా ఊరివాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పగలు ఎండకి ప్లాంక్టన్ వల్ల పెరుగుతుంది. రాత్రంతా చేపలూ ఆ ప్లాంక్టనూ కూడా వాడుకోగా తెల్లవారుజాముకి బాగా పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచేది అప్పుడే. మధ్యాహ్నం మూడింటికి మీటర్ పెట్టండి, అంకె ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఆ అంకె నిజమే, కాకపోతే చెరువు గురించి అడగాల్సిన వేళ అది కాదు. తెలుసుకోవాలనుకునేవాడు నాలుగున్నరకి టార్చిలైటు పట్టుకుని గట్టెక్కుతాడు.

1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జీడీబీ డీబగ్గర్ టెస్టుల్లో 'చెక్-రీడ్1' అనే పద్ధతి ఒకటుంది. జవాబుని టెస్టు చేత ఒక్కో అక్షరమే చదివిస్తుంది. ఎప్పుడో తప్ప ఎదురుపడని ఆలస్యాన్ని ప్రతిసారీ పిలిచి కూర్చోబెడుతుంది. నాకు ఇంకా నచ్చేవి వాళ్ళ ఫలితాల పేర్లు. పాస్, ఫెయిల్ కాక 'కేఫెయిల్' అని ఉంది: తప్పు మా డీబగ్గర్‌దే, తెలుసు, ఇదిగో బగ్ నంబరు, ఇంకా దిద్దలేదు అని. 'ఎక్స్‌ఫెయిల్' అంటే తప్పు మాది కాదు, చుట్టూ ఉన్న సిస్టమ్‌దో కంపైలర్‌దో అని. ర్యాంకుల మధ్య పెరిగిన మనకి ఫెయిల్‌ని ఫెయిల్‌గానే ఉంచి ఎవరిదో చెప్పే ఇలాంటి మాటలు లేవు.

ఆ కుర్రాడు రెండ్రోజుల తర్వాత మార్పుని మళ్ళీ పంపాడు. ఇప్పుడు టెస్టు జవాబు పూర్తయ్యేదాకా ఆగుతుంది, నంబరూ పోలుస్తుంది. చెడగొట్టిన డీబగ్గర్‌తో ఫెయిలైంది. ఒప్పుకున్నాను.

అంటే పరీక్షని ముట్టుకోవడమే పాపమని కాదు. ఇక్కడ టెస్టులో నిజంగానే లోపముంది. నా ఇబ్బంది వేరే. పరీక్ష మీద మనకి అనుమానం పుట్టేది అది మనల్ని ఫెయిల్ చేసినప్పుడే. పాసయ్యే టెస్టుని తెరిచి చూసేదెవరు? తనవైపు తీర్పు చెప్పిన పెద్దమనిషిని ఎవడూ నిలదీయడు. కాబట్టి దిద్దుబాట్లన్నీ ఒకే దిక్కుకి, సడలించే దిక్కుకే, నడుస్తుంటాయి.

మా పక్కనే ఉన్న కొల్లేటి సంగతే చూడండి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో గీతనే మూడో కాంటూరుకి జరపమని అసెంబ్లీ తీర్మానం చేసింది. సరస్సు ఫెయిలైతే కొలబద్ద మార్చారని వెటకారం చేయడం తేలిక, నేనూ చేయగలను. కానీ ఆ గీత లోపల ఊళ్ళున్నాయి. 1970ల్లో సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వుకోమన్నది ప్రభుత్వమే. గీత గీసినప్పుడు వాళ్ళు లెక్కలో ఉన్నారా అన్నది న్యాయమైన ప్రశ్న.

ఆ తీర్మానం నా దగ్గరికి రివ్యూకొస్తే కుర్రాణ్ణి అడిగిందే అడుగుతాను. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళకి చోటెంత తగ్గితే, సరస్సు ఇంకెంత చెడితే, మీ కొత్త గీత 'ఫెయిల్' అంటుంది? ఐదో కాంటూరు గీసినవాళ్ళకీ ఒకటుంది: లోపలి ఊళ్ళకి ఎంత నష్టమైతే మీ గీత 'ఫెయిల్' అనేది?