మనమా, మేమా?

ఫ్రెంచి గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తేవడం సులభమని దూరాన ఉన్న మనకు తోస్తుంది. ఇరుగుపొరుగు భాషలు, మాటలనేకం ఉమ్మడి సొత్తు. చిక్కంతా ఆ ఉమ్మడి సొత్తులోనే ఉన్నది. ఫ్రెంచివారి ‘లిబ్రేరీ’ పుస్తకాల అంగడి. ఇంగ్లీషువారి ‘లైబ్రరీ’ గ్రంథాలయం. హిందీ నుంచి తెలుగు చేసేవారికి ఈ బాధ కొత్త కాదు. వారి ‘ఉపన్యాస్’ నవల, మన ఉపన్యాసం సభలో వినేది. వారి ‘అవసర్’ అదను, మన అవసరం అక్కర. వారికి ‘శిక్షా’ అంటే చదువు, మనకు దండన. (రెంటికీ భేదమేమిటని అడిగే బాలునితో నేను వాదించను.)

ఇవి నిఘంటువు తీర్చగల చిక్కులు. అనువాదం సహజంగా ఉండాలని పాఠకుడు కోరుతాడు; ఆ సహజత్వానికి మూల్యం చెల్లించేదెవరు? మార్సెల్ ప్రూస్త్ మహానవలను స్కాట్ మాంక్రీఫ్ 1922 నుంచి ఇంగ్లీషులో వెలువరిస్తూ, దాని పేరును షేక్స్పియర్ పద్యం నుంచి తీసుకొన్నాడు. ఇంగ్లీషు చెవికి ఎంతో ఇంపైన పేరు. కాని మూలంలోని పోగొట్టుకొన్న కాలమూ, దానికై వెదకులాటా ఆ ఇంపులో మాయమైనవి. ప్రూస్త్ స్వయంగా నొచ్చుకొన్నాడు. 1992లో గాని ఆ అనువాదానికి మూలార్థం గల పేరు రాలేదు.

నేనుండేది భిలాయి నెహ్రూ నగర్‌లో. సోవియట్ సహకారంతో వెలసిన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959లో వెలిగింది. దానిని నమ్ముకొని వచ్చిన తెలుగు కుటుంబాలకు ఇంట తెలుగు, వీధిలో హిందీ. ఆ హిందీలో ‘హమ్’ ఒక్కటే. మనకు ‘మనం’, ‘మేము’ రెండు. ఫ్రెంచికీ ఇంగ్లీషుకూ ఈ భేదం లేదు గనుక అక్కడి అనువాదకుడు ఈ గడపను చూడకుండానే దాటిపోతాడు.

ఒక హిందీ కథలో కంట్రాక్టరు కూలీలతో, ఈ నష్టం ‘హమ్’ భరించాలి, అన్నాడనుకోండి. కూలీలు మారు పలకక తలలు వంచుకొన్నారు. ‘మేము’ అని వ్రాస్తే అతడు ఉదారుడు. ‘మనం’ అంటే కూలిలో కోత పెట్టబోతున్నాడు. పైగా ఒక్కడే ఉండి ‘హమ్’ అనుకొనేవారూ హిందీలో ఉన్నారు. మూలంలో అతడు ఈ అర్థాల నడుమ దాగి ఉన్నాడు. ఆ దాగుడే రచయిత చూపదలచినదేమో! తెలుగులో దాగడానికి చోటు లేదు. నేను ఒక మాట ఎంచుకోగానే ఒక మనిషి శీలం మీద తీర్పు చెప్పినట్లవుతుంది. అట్టి అధికారం నాకెవరిచ్చారు?

సర్వనామాన్నే వదలి, ‘ఈ నష్టం భరించక తప్పదు’ అనవచ్చు. తెలుగు ఒప్పుతుంది, వాక్యమూ హాయిగా సాగుతుంది. నాకీ హాయి మీదనే అనుమానం. అందరినీ కలుపుకొన్నట్లు నటించే ఆ ఆప్యాయత పోయి, నష్టం ఆకాశం నుంచి ఊడిపడినట్లయింది. అతడు మూలంలో కంటె సులువుగా తప్పించుకొన్నాడు. నేనైతే ఇక్కడ ‘మనం’ అనే వ్రాస్తాను. కూలీలు తలలు వంచుకొన్నారు గదా. కంట్రాక్టరు మాట వారికెలా వినబడిందో తెలుగు పాఠకునికీ అలాగే వినబడాలి.