పితరుల దుఃఖము – పుత్రుల వార్ధకము

తండ్రి చేసిన ఋణమును కుమారుడు తీర్పవలెనని మన స్మృతులు విధించుచున్నవి. అందును మద్యమునకును జూదమునకును చేసిన ఋణమును తీర్పనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు మినహాయించెను. మరి తండ్రి పడిన దుఃఖము మాట యేమి? అదియు సంక్రమించునా? సంక్రమించినచో తీరునట్టి ఋణమా అది? ఈ ప్రశ్నను పుట్టినది మొదలు మోయుచు నేడు వృద్ధులైనవారు లోకమున నెందరో కలరు. వారు యూదులు.

1933 మొదలు 1945 వరకు జర్మనీని పాలించిన నాజీలు ఐరోపాఖండమున 60 లక్షల యూదులను సంహరించిరి. ప్రాణములతో మిగిలినవారిలో పెక్కుమందికి తిరిగి పోవుటకు ఇల్లు లేదు. ఇల్లున్నను ఇంట మనిషి లేడు. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ దేశములందలి నిరాశ్రయశిబిరములలో వారు సంవత్సరముల కొలది గడపిరి. భార్యను కోల్పోయినవాడును, భర్తను కోల్పోయినదియు అచ్చటనే వివాహమాడిరి. 1946 మొదలుకొని ఆ శిబిరములలో శిశుజననములు అతివిరివిగా జరిగెను. ఆ శిశువులే నేడు ఎనుబదేండ్లకు చేరుచున్నారు.

తాత పేరు మనుమనికి పెట్టుట మనయందు వాడుక. ఐరోపా యూదులు బ్రతికియున్నవారి పేరు పెట్టరు, గతించిన బంధువుల పేరే పెట్టుదురు. కావున ఆ శిశువులకు చంపబడినవారి పేర్లే వచ్చెను. ఒక్కొక్కయెడ తాను పుట్టకముందే హతుడైన అన్న పేరే తమ్మునిదయ్యెను. కొన్ని యిండ్లలో నాటి మాటయే యెత్తరు. కొన్నిట అది తప్ప వేరు మాట లేదు. బిడ్డ మోకాలు గీచుకొని యేడ్చినచో, మేము పడినదాని ముందు ఇదియు నొక బాధయా యను మాట పైకి వినబడకున్నను ఇంట నిండియుండెడిది.

1966లో కెనడా వైద్యుడు వివియన్ రాకాఫ్ ఇట్టి బిడ్డలలో తీవ్రమైన మనోవ్యథను గుర్తించెను. అటుపిమ్మట వీరందరును రోగులేయను తలంపు వ్యాపించెను. అయితే వైద్యుని చెంతకు వచ్చినవారిని మాత్రమే చూచిన వైద్యుని కంటికి లోకమంతయు రోగమే కదా! 2003లో హాలెండు, ఇశ్రాయేలు పండితులు 4,418 మందికి సంబంధించిన పరిశోధనలను కూర్చి చూడగా, వైద్యమునకై రానివారియందు అట్టి రుగ్మత సామాన్యముగా కానరాలేదు. 2011లో ఇశ్రాయేలు పండితుడు అమిత్ శ్రీరా ప్రభృతులు నడివయస్సు దాటిన సంతానమును పరిశీలించి, వారు మనస్తృప్తిలో ఇతరులకంటె మిన్నగానున్నను దేహబాధలు మాత్రము హెచ్చుగా కలవని తెలిపిరి. ఈ రెండు మాటలను విడదీయరాదు. గట్టిపడిరి కదాయని మెచ్చుచు హంతకుల పాపమును తేలిక చేయుట యొక అన్యాయము. చితికిపోయిరని జాలిపడి వారి పౌరుషమును కాదనుట మరియొక అన్యాయము. తితిక్ష యనగా నొప్పి లేకుండుట కాదు.

వారి ప్రవక్త యెహెజ్కేలు తండ్రి పాపము కుమారునకు అంటదని చాటెను. ఇచ్చట తండ్రి పాపి కాడు, పాపమునకు గురియైనవాడు. కావున విడిచిపెట్టుట మరింత కష్టము. పాపమునైన త్రోసిపుచ్చవచ్చును, నిరపరాధియైన తల్లి కన్నీటిని త్రోసిపుచ్చుటకు ఏ బిడ్డకు మనసొప్పును? ఆ తల్లి వార్ధకమున మతి తప్పి, స్నానాగారమున నీటిధారను చూచి శిబిరమను భ్రాంతితో వణకినప్పుడు, ఆమె చేయి పట్టుకొన్నవారు ఈ బిడ్డలే. స్మరణము ఋణమని నేనొప్పుకొందును. దుఃఖమును ఋణమని యొప్పుకొనను. ఏ తల్లియు దానిని అప్పుగా ఇయ్యలేదు, తిరిగి కోరనులేదు.

మృతులకై యూదులు పఠించు ‘కద్దీష్’ ప్రార్థనలో మరణప్రసక్తియే లేదు, ఉన్నది భగవన్మహిమాకీర్తనము. ప్రత్యబ్దమున పఠింపవలెనన్న తిథి తెలియవలెను. సామూహికముగా చంపబడినవారికి తిథి యేది? మనకు తిథి తెలియనివారికై మహాలయ అమావాస్య కలదు. ఇశ్రాయేలు ప్రధాన మతాచార్యుల పీఠము అట్లే తమ టేవేత్ మాసమున పదవనాటిని నియమించినది. శిబిరము నుండి బయటపడిన తల్లిదండ్రులు తమ పడకమీద కన్నుమూసిరి. వారికి సమాధి కలదు, తిథి కలదు. నేడు ముదుసలియైన కుమారుడు ఆ తిథినాడు తల్లికై నిలిచి పఠించును, టేవేత్ పదవనాడు తాను చూడని తాతకై మరల నిలుచును. ఆ తాత పేరే తన పేరు.