యాకూబ్ కొడుకు ఇబ్సెన్

ఇబ్సెన్ పేరు విన్నప్పుడల్లా మా చెవులకి అందులో 'ఇబ్న్' వినపడేది. అరబ్బీలో ఇబ్న్ అంటే కొడుకు. తీరా చూస్తే మా పొరపాటే. కొడుకనే మాట చివరి 'సెన్'. 'ఇబ్' తండ్రి పేరు. డెన్మార్క్ జనం నోళ్లలో జాకబ్ అరిగి అరిగి ఇబ్ అయ్యాడు. ఆ జాకబే మా యాకూబ్. యాకూబ్ అని చెప్పగానే ఇల్లు ఖాళీ లేదనే వీధిలోనే యాకూబ్ కొడుకు నాటకాలకి చప్పట్లు! పేరు అరిగితే చాలునన్నమాట.

అయితే నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ తండ్రి పేరు యాకూబూ కాదు, ఇబ్బూ కాదు. క్నూద్. పాత పద్ధతే నడిచుంటే ఆయన హెన్రిక్ క్నూద్సెన్. అక్కడ మామూలు జనానికి ఒకప్పుడు స్థిరమైన ఇంటిపేరు లేదు. కొడుక్కి తండ్రి పేరు మీద 'సెన్', కూతురికి 'దాత్తెర్'. తరం మారితే పేరు మారేది. కొన్ని కుటుంబాలు ఏదో ఒక తరం దగ్గర ఆగిపోయాయి. మిగిలినవాళ్లని 1828లో డెన్మార్క్ ఉత్తర్వూ, 1923లో నార్వే చట్టమూ ఆపాయి. ఆగాక ఆడపిల్లలూ 'సెన్'లే అయ్యారు, కూతురి పేరులో కొడుకు!

మమ్మల్ని కుదిపింది ఇంకొకటి. 1846లో గ్రిమ్‌స్టాడ్‌లో, మందుల దుకాణంలో పని నేర్చుకుంటున్న పద్దెనిమిదేళ్ల ఇబ్సెన్‌కి, ఆ ఇంటి పనిమనిషి ఎల్సె సోఫీ యెన్స్‌దాత్తెర్ కొడుకుని కన్నది. పెళ్లి లేదు. పిల్లవాడు హాన్స్ యాకోబ్ హెన్రిక్సెన్ అయ్యాడు. హెన్రిక్ కొడుకు. పేరు నిజమే చెప్పింది. ఇబ్సెన్ అనే పేరు మాత్రం తర్వాత పెళ్లాడిన భార్య కొడుకు సిగుర్డ్‌కి దక్కింది.

ఏది అసలు పేరు? తండ్రెవరో చెప్పేదా, తండ్రి ఇచ్చేదా?

దీన్ని పరాయి ఊరి గొడవగా చదవడం మాకు చేతకావడం లేదు. బడిలో వేసేనాడు ఇంటిపేరు గడిలో 'షేక్' రాశారు. ఊళ్లో సగంమందికి అదే రాశారు, మేమంతా ఒకే ఇంటివాళ్లమైనట్టు. దూదేకుల సోదరుడు తెలుగు ఇంటిపేరు చెబితే, నువ్వసలు ముస్లిమువేనా అని అడిగినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ ప్రశ్న అడిగే హక్కు మాకెవరిచ్చారు?

సిగుర్డ్ మంత్రి అయ్యాడు. హాన్స్ యాకోబ్ కమ్మరి పని చేసుకుని బతికాడు. అతని పోషణకి ఇబ్సెన్ పద్నాలుగేళ్లు డబ్బు కట్టాడు. పేరివ్వలేదు.