బృహన్నల వేషం, ఆడవాళ్ళ రంగస్థలం

తెలుగు భారతంలో బృహన్నల కథకు రూపం వచ్చింది నెల్లూరులోనే. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, నన్నయ సగంలో వదిలిన అరణ్యపర్వం జోలికి పోకుండా విరాటపర్వంతో భారత రచన మొదలుపెట్టాడు. ఊర్వశి శాపాన్ని అజ్ఞాతవాసానికి అక్కరకు తెచ్చుకున్న అర్జునుడు అందులో విరాటరాజు కూతురు ఉత్తరకు నాట్యం నేర్పే బృహన్నల అవుతాడు. వానలు మొహం చాటేస్తే ఊళ్ళో విరాటపర్వం చదివించడం తెలుగు నాట ఆనవాయితీ. పెన్నకు ఉత్తరాన బుచ్చిరెడ్డిపాలెం చుట్టూ ఉన్నలాంటి వరిసీమల్లో వాన మాటంటే బతుకు మాటే. అలా చదవడం రానివాళ్ళకు కూడా బృహన్నల బాగా తెలిసిన మనిషి.

ఈ కథకు పట్టు ఉత్తర గోగ్రహణం దగ్గరుంది. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు బీరాలు పలికిన ఉత్తరకుమారుడు కౌరవసేన కనపడగానే రథం దిగి పరుగు లంకించుకుంటాడు. సారథిగా వచ్చిన బృహన్నల జడ ఊగుతుండగా వెంటపడి అతన్ని పట్టుకుంటుంది. ఆ పరుగు చూసి కౌరవ సైనికులు కొందరు నవ్వారని వ్యాసభారతం చెబుతుంది. కాసేపటికి ఆ చేతుల్లోకే గాండీవం వస్తుంది. వేషాన్ని చూసి మనిషిని అంచనా వేయడంలోని తెలివితక్కువతనాన్ని ఇంత సూటిగా చూపించిన ఘట్టాలు మన సాహిత్యంలో తక్కువ.

ఆటలో మాత్రం వేషం వేసేవాడి నేర్పుకే పెద్దపీట. కూచిపూడి మేళాల్లో సత్యభామ వేషం ఒకప్పుడు మగవాళ్ళదే. వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో పద్మశ్రీ దక్కింది ఆ స్త్రీ పాత్రల పుణ్యమే. నాటకరంగంలో ఆ స్థానం స్థానం నరసింహారావుది. 1902లో బాపట్లలో పుట్టిన ఆయన ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా, ‘కన్యాశుల్కం’లో మధురవాణిగా మెప్పించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన చీరకట్టు చూసి ఇల్లాళ్ళు కట్టు మార్చుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అతిశయోక్తి కావచ్చు. కానీ ఆడదానిలా ఉండటమంటే ఎలాగో ఒక మగవాడు ఆడవాళ్ళకు చూపించాడన్న మాటను మెచ్చుకోలుగా చెప్పుకోవడంలోనే అప్పటి అభిరుచి తెలిసిపోతుంది.

మరి ఆడవాళ్ళ సంగతి? సత్యభామ కథను ఆడే భామాకలాపం కూచిపూడి మగవాళ్ళ సొత్తు మాత్రమే కాదు. దేవదాసీ సంప్రదాయపు కళావంతుల మేళాల్లో ఆడవాళ్ళు తరతరాలుగా సత్యభామను ఆడారు. వాళ్ళ ఆటకు ‘భోగం మేళం’ అన్న పేరు అంటించి దూరం పెట్టింది సమాజం. 1947లో వచ్చిన మద్రాసు దేవదాసీ చట్టం దోపిడీని ఆపాలనుకుంది, ఆపాల్సిందే. కాకపోతే దానితో పాటు వాళ్ళ ఆటకు ఉన్న కొద్దిపాటి చోటూ పోయింది. అదే భామ మగవాడి ఒంటి మీద శాస్త్రీయ కళగా సభలెక్కింది. చీర అదే, పదం అదే. తేడా ఎవరు కట్టారన్నదొక్కటే.

సురభి ఇందుకు మినహాయింపు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఈ కుటుంబ నాటకాల్లో ఆడవాళ్ళే ఆడపాత్రలు వేశారు, అవసరమైతే మగపాత్రలూ వేశారు. ఆ కుటుంబానికి చెందిన కమలాబాయి 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయింది. వెండితెర వచ్చాక ఆడపాత్ర ఆడవాళ్ళకు దక్కింది. మగవాళ్ళ ఆడవేషానికి పని తగ్గింది.

ఆ మార్పంతా ఎన్టీ రామారావు జీవితంలోనే కనిపిస్తుంది. విజయవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ ఆయనకు ఒక నాటకంలో నాగమ్మ వేషం ఇస్తే, మీసం తీయనని పట్టుబట్టి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నాడు. అదే మనిషి 1963లో ‘నర్తనశాల’లో బృహన్నలగా కాళ్ళకు గజ్జె కట్టాడు. కమలాకర కామేశ్వరరావు తీసిన ఆ సినిమాకు నటి లక్ష్మీరాజ్యం నిర్మాత కావడం గమనించాల్సిన విషయం. ఆ బృహన్నలను చూసి ఎవరూ ఎగతాళి చేయలేదు. లోపల అర్జునుడున్నాడని ప్రేక్షకుడికి ముందే తెలుసు మరి.

1990లకు వచ్చేసరికి చీర హాస్యానికి సరంజామా అయింది. ‘చిత్రం భళారే విచిత్రం’లో అద్దె ఇంటి కోసం నరేశ్ ఆడవేషం కట్టాడు. నెల్లూరు జిల్లాకే చెందిన సింగీతం శ్రీనివాసరావు ‘మేడమ్’లో రాజేంద్రప్రసాద్‌కు ఆ వేషం వేయించారు. ఈ రెండూ సరదా సినిమాలే, పాత్రల మీద వీటికి పగలేదు. అసలు నష్టం చేసినవి, హిజ్రా కనపడగానే కేకలూ చప్పట్లూ వినిపించే లెక్కలేనన్ని కామెడీ ట్రాకులు. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును సుప్రీంకోర్టు హక్కుగా ప్రకటించింది. తెలుగు సినిమా మాత్రం ట్రాన్స్‌జెండర్ పాత్రను ఆ బతుకు బతికినవాళ్ళ చేతికివ్వడం ఇప్పటికీ అరుదే.