వెనుక చాపమీదివాడు

ధ్యానభాగము: హబక్కూకు 3:17-18

అమెరికాదేశపు ఫుట్‌బాల్ ఆటలో బంతినందుకొని తనవారికి విసరుచు జట్టును నడిపించువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. కర్ట్ వార్నర్ అట్టివాడు. 1994లో గ్రీన్ బే జట్టు అతనిని వద్దని పంపివేసెను. అప్పుడతడు అయోవా రాష్ట్రమందలి సీడర్ ఫాల్స్‌లో, ఒక పెద్ద అంగడిలో, గంటకు అయిదున్నర డాలర్ల కూలికి రాత్రులు అరలలో సరుకులు సర్దెను. 1999లో సెయింట్ లూయిస్ జట్టు ముఖ్య క్వార్టర్‌బ్యాక్ మోకాలికి దెబ్బ తగులగా, ఆ స్థానము వార్నర్‌కు వచ్చెను. 2000 జనవరి 30న ఆ జట్టు 23-16తో సూపర్ బౌల్ గెలిచెను. అందరి యెదుట అతడు యేసునకు కృతజ్ఞతలు చెల్లించెను.

ఇచ్చట కథ నాపుట మనకెంత యిష్టము! మన సాక్ష్యకూటములలోను అంతే గదా. ఉద్యోగము దొరికినవాడు లేచి మాటలాడును. దొరకనివాడు వెనుక చాపమీద తల వంచుకొని కూర్చుండును.

అయితే 2009 ఫిబ్రవరి 1న వార్నర్ అరిజోనా జట్టుతో మరల సూపర్ బౌల్ ఆడెను. ఆట ముగియుటకు 35 సెకండ్లుండగా పిట్స్‌బర్గ్ వారు ముందంజ వేసిరి. 27-23తో అతని జట్టు ఓడెను. దేవుడు మారెనా? హబక్కూకు ఆనందించినది పశువులు నిండిన సాలను చూచి కాదు.

వచ్చు కూటములో ఆ వెనుక చాపమీదివానిని మాటలాడుమని పిలుతమా?