అడగందే అమ్మైనా పెట్టదా?

“అడగందే అమ్మైనా పెట్టదు” అంటాం. లోకజ్ఞానంలా వినిపించే ఈ మాటలో ఓ షరతు ఉంది: అడగగలిగినవాళ్ళకే దక్కుతుంది. మరి అడగలేనివాళ్ళ సంగతి?

కొంగరకలాన్‌లో రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ ఉంది. సోమవారం ప్రజావాణి అంటే పట్టా కోసం, పింఛను కోసం జనం అర్జీలు పట్టుకుని వచ్చే రోజు. నోరు విప్పి అడగాలి, లేదా కాగితం మీద రాసివ్వాలి. రెట్ సిండ్రోమ్ ఉన్న పిల్ల ఈ రెండూ చెయ్యలేదు. ఆమె తరఫున అమ్మానాన్నలు అడుగుతారు, నిజమే. కానీ ఆమెకేం కావాలో వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది?

వియన్నా డాక్టర్ ఆండ్రియాస్ రెట్ 1966లో ఈ స్థితిని వర్ణించాడు. 1999లో హుడా జోగ్బీ ల్యాబ్ కారణాన్ని పట్టుకుంది: ఎక్స్ క్రోమోజోమ్ మీదుండే ఎంఈసీపీ2 అనే జన్యువులో మార్పు. సుమారు పదివేలమంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది. మొదటి నెలల్లో పెద్దగా తేడా తెలీదు. తర్వాత, మామూలుగా రెండేళ్ళు నిండేలోపే, వచ్చిన మాటలు పోతాయి. బొమ్మలు పట్టుకున్న చేతులు బట్టలు పిండుతున్నట్టు ఒకదాన్నొకటి నులుముకుంటూ ఉండిపోతాయి. చూపు మాత్రం చాలామందిలో మిగులుతుంది, సూటిగా, గట్టిగా.

తెలివిని కొలిచే పరీక్షలు చాలావరకు నోటితోనో చేత్తోనో జవాబు అడుగుతాయి. రెండూ పనిచెయ్యని పిల్లకి సున్నా వస్తే అది ఎవరి సున్నా? కీబోర్డు పాడైన కంప్యూటర్‌ని చూసి లోపల ప్రాసెసర్ లేదనం కదా.

1984లో ఆన్ డోనలన్ అనే అమెరికన్ విద్యావేత్త ఓ సూత్రం చెప్పింది: రుజువు లేనప్పుడు, తప్పైనా తక్కువ హాని చేసే ఊహనే ఎంచుకో. పిల్లకి అర్థమవుతుందనుకుని కథలు చదివాం, అర్థం కాలేదు, పోయేది కొంత సమయం. అర్థం కాదనుకుని ఊరుకున్నాం, అర్థమవుతోంది, అప్పుడు పోయేది ఒక జీవితం.

వినడానికి బావుంది. కానీ ఇందులో ఓ ప్రమాదం ఉంది. 1990ల్లో అమెరికాలో, మాటరాని పిల్లల చెయ్యి పట్టుకుని టైప్ చేయించే పద్ధతి ఒకటి బాగా పాకింది. పిల్లలు పేరాలకి పేరాలు రాశారని సంబరపడ్డారు. నియంత్రిత పరీక్షలు పెట్టి చూస్తే, ఆ మాటలు చెయ్యి పట్టుకున్నవాళ్ళవని తేలింది. ప్రేమ కూడా గొంతు దొంగిలించగలదు.

అందుకే రెండు ఊహల్ని విడదీయాలి. “ఈమెకి చెప్పాల్సింది ఉంది” అనేది ఒకటి. “ఈమె చెప్పాలనుకుంటున్నది ఇదే” అనేది రెండోది. మొదటిదాన్ని రుజువు లేకుండానే ఒప్పుకోవాలి. రెండోదానికి మాత్రం ప్రతిసారీ రుజువు అడగాలి.

ఆచరణలో ఇది పెద్ద బ్రహ్మవిద్య కాదు. చూపుని పసిగట్టే ఐ ట్రాకర్ ఖరీదైనదే. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మూలల్లో నాలుగు బొమ్మలు అంటించి, ఏ బొమ్మకేసి చూస్తోందో గమనించడానికి ఖర్చేమీ లేదు. బొమ్మల చోట్లు మార్చి మళ్ళీ అడగాలి. “ఇవేవీ వద్దు” అనడానికీ ఓ మూల ఉంచాలి. అది లేని ఎంపిక ఎంపికే కాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆగాలి. జవాబు రావడానికి ఎన్నో సెకన్లు, ఒక్కోసారి నిమిషం పైనే పట్టొచ్చు. ఈలోపే మనం ప్రశ్న మార్చేస్తాం.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఉచిత విద్య ఇవ్వమంది. మాటకి ప్రత్యామ్నాయ మార్గాల్ని ప్రోత్సహించమనీ అంది. మండలాల్లో భవిత కేంద్రాలు, సికింద్రాబాద్‌లో 1984 నుంచీ మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉన్నాయి. కానీ ఒక టీచర్ ఒక పిల్ల ఎదురుగా మౌనంగా నిమిషంపాటు కూర్చోవాలని ఏ చట్టమూ రాయలేదు. బడి గంట దానికి ఒప్పుకోదు కూడా.

నిజానికి మన సామెత అమ్మల విషయంలో తప్పు. పసిబిడ్డతో ఏ అమ్మైనా ఏడాదిపాటు, ఒక్క మాట తిరిగి రాకపోయినా మాట్లాడుతూనే ఉంటుంది. అర్థమవుతోందని సర్టిఫికెట్ అడగదు. మనందరికీ భాష వచ్చింది ఆ అప్పు మీదే. ఒక పిల్ల తిరిగి చెల్లించడానికి ఎక్కువ కాలం పడుతుందని ఆ అప్పు ఆపేసే హక్కు మనకి ఎక్కడిది?