ఆకుకు తగ్గ పచ్చడి

అనగనగా ఇటలీలో జెనోవా అనే రేవుపట్నం. వెనక కొండ, ముందు సముద్రం, మధ్యలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒరగాల్సినంత ఇరుకు సందులు. అలాంటి ఒక సందులో, పాత మేడ మూడో అంతస్తులో, ఒక అవ్వా మనవరాలూ కాపురం ఉండేవాళ్లు. వాళ్ల వంటింటి కిటికీ దగ్గర కరారా పాలరాతి రోలు ఒకటి ఉండేది. దాని అంచున నాలుగు పిడులు. ఒక చేత్తో పిడి పట్టి రోటిని ఒకవైపు తిప్పుతూ, రెండో చేత్తో చెక్క రోకలిని మరోవైపు తిప్పడం ఆ ఊరి పద్ధతి.

ఆ రోలు ఉన్నది పెస్టో కోసం. పెస్టో అంటే జెనోవా వాళ్ల రోటి పచ్చడి. బేసిల్ ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి, రాళ్ల ఉప్పు, రెండు రకాల చీజ్, ఆలివ్ నూనె. ఈ ఏడింటిలో ఒకటి తగ్గినా అక్కడి పెద్దలు మొహం చిట్లిస్తారు. (బేసిల్ అంటే మనకు కొత్తదేం కాదు. మన సబ్జా గింజలిచ్చే మొక్కదీ దానిదీ ఒకటే జాతి.)

మనవరాలికి 19 ఏళ్లు. ఏడాది కిందట చీజ్ మానేసింది. పెస్టోలో వేసే పార్మిజానో చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి లేగదూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారని తెలిశాక ఆమెకు ముద్ద దిగలేదు. అవ్వకు కష్టమనిపించినా ఊరుకుంది. తర్వాత పిల్ల నూనె కూడా మానేసింది. ఆ తర్వాత పళ్లెంలో సగం వదిలేయడం మొదలుపెట్టింది. ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చేతుల చొక్కాలే. హాల్లో ఉన్న నిలువుటద్దం మీద ఒక దుప్పటి కప్పింది. దీనికి మాత్రం అవ్వ ఊరుకోలేకపోయింది. కానీ ఏం చెప్పాలో తెలియలేదు.

ఫిబ్రవరి నెల. ఉత్తరపు గాలి కొరికేస్తోంది. బేసిల్ ధర మండిపోతోంది. అవ్వ 1899 నుంచి ఉన్న మెర్కాతో ఓరియెంతాలె అనే పాత మార్కెట్‌కు వెళ్లి బేసిల్ ఒక్క చిన్న కట్ట కొని, దాంతోపాటు చవగ్గా దొరికిన ఆకులు కొన్ని బుట్టలో వేసుకొచ్చింది. చార్డ్ ఒకటి, అది బీట్‌రూట్‌కు తోబుట్టువు, కాకపోతే దుంప ఉండదు, ఆకే చేటంత. బోరేజ్ ఒకటి, నీలం పూలు పూసే అడవి ఆకు, దాని ఒళ్లంతా నూగే. ముల్లంగి దుంపలతో పాటు వచ్చిన ముల్లంగాకు ఒకటి. బుట్ట రోటి పక్కన పెట్టి అవ్వ పడుకుంది.

అర్ధరాత్రి బేసిల్ గొంతు సవరించుకుంది.

“నాది ప్రా. ఈ ఊరి పడమటి కొసన ఉంది. అక్కడి నేలలో పుట్టిన నా జాతికి 2005లో యూరప్ ముద్ర పడింది. నన్ను లేతగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకి, కాగితంలో చుట్టి అమ్ముతారు. చిన్న ఆకు, దోనెలా వంగిన ఆకు. పెద్దాకు బేసిల్‌లో పుదీనా వాసన వస్తుందట, నాలో రాదు. మీరంతా ఎవరమ్మా, ఈ బుట్టలోకి ఎలా వచ్చారు?”

చార్డ్ తన నడిమి ఈనె వైపు చూసుకుంది. బొటనవేలంత లావు, తెల్లగా. “ఇది లేకుంటే నేనూ సన్నగానే ఉందును” అనుకుంది. బోరేజ్ తన నూగును చూసుకుంది. ముల్లంగాకు ఏమీ అనుకోలేదు, దుంపను కోసుకుని ఆకును పారేస్తారని దానికి అలవాటే.

ఇక ఆ రాత్రి జరిగిన భాగోతం చెప్పాలి. చార్డ్ బల్ల అంచున ఉన్న కత్తికి ఒళ్లు రాసుకుని తన ఈనె కోసుకోబోయింది. బోరేజ్ బుట్ట అల్లికకు ఒళ్లు రుద్దుకుని నూగు రాల్చుకోబోయింది. తెల్లారేసరికి ఒకదాని అంచులు చీలిపోయాయి, ఇంకోదాని ఒళ్లు కమిలి నల్లబడింది. లావు తగ్గలేదు, నూగూ పోలేదు. బేసిల్ మాత్రం నిద్రపోయింది. దానికి అంత చలి పడదు కాబట్టి అదీ ఒక మూల కొంచెం నల్లబడిందని నాకు అనుమానం, కానీ అది ఒప్పుకోదు.

ఏం చేయాలో తోచక రెండాకులూ రోటితో మొరపెట్టుకున్నాయి. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని మన సామెత. ఇక్కడ మొర రోటి దగ్గరికే వచ్చింది.

రోలు చాలాసేపు ఆలోచించి అంది: “బేసిల్ చెప్పిందంతా నిజమే. దాని వాసన దానిదే, నేను కాదనను. కానీ ఇక్కడ దంచినదల్లా అదొక్కటే అనుకోకండి. ఈ ఊరివాడే, జొవాన్ని బత్తిస్తా రాత్తో అని, 1863లో వంటల పుస్తకం ఒకటి అచ్చువేశాడు. పెస్టో చేసే తీరు అందులో ఉంది. బేసిల్ దొరక్కపోతే మరువం, పార్స్లీ వేసుకోండని అందులోనే రాశాడు. ఆయన చెప్పిన చీజ్‌లలో ఒకటి హాలండ్‌ది. రేవుపట్నం కదా, ఏ ఓడలో ఏది దిగితే అది రోట్లో పడేది. సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌కు పోతే పైన్ గింజలే వెయ్యరు. చీజ్ కూడా కొందరు వేస్తారు, కొందరు వెయ్యరు. దాన్నీ కమ్మగా తింటారు.

“చార్డూ, నిన్ను బేసిల్‌ను దంచినట్టు పచ్చిగా దంచితే నార తేలుతుంది. అది నీ తప్పు కాదు, దంచే మనిషి తప్పు. నీకు వేడినీళ్లు కావాలి. బోరేజూ, నీ నూగు గుచ్చుకుంటుంది, నిజమే. ఒక్క ఉడుకు వస్తే అది నోటికి తగలను కూడా తగలదు. దానికోసం ఒళ్లు గీరుకుంటారా? మీకు తగ్గ పద్ధతి తెలిసిన చెయ్యి ఇప్పుడు లేచి వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.”

తెల్లవారింది. అవ్వ వచ్చి, చీలిన ఆకులు చూసి, “మార్కెట్‌లో నలిగినట్టున్నాయి” అనుకుంది. మనవరాలిని పిలిచింది.

చార్డ్ ఆకును ఈనె నుంచి దూసి వేరుచేసింది. ఈనె పారేయలేదు, సన్నగా తరిగి పక్కన పెట్టింది. నీళ్లు తెర్లుతుంటే ఉప్పు వేసి, చార్డ్, బోరేజ్, ముల్లంగాకు మూడూ కలిపి 200 గ్రాములు అందులో ముంచి, అర నిమిషంలో తీసి, చల్లటి నీళ్లలో వేసింది. అప్పుడే ఆకు రంగు నిలుస్తుంది. ఆకును నల్లబరిచే ఎంజైమ్ ఆ వేడికి చచ్చిపోతుంది. తర్వాత గుప్పిళ్లతో గట్టిగా పిండింది. నీళ్లు మిగిలితే పెస్టో పలచనై చప్పబడుతుంది. 50 గ్రాముల అక్రోట్ల మీద వేడినీళ్లు పోసి, నానాక పొట్టు వలిచింది, చేదంతా ఆ పొట్టులోనే ఉంటుంది. చీజ్ బదులు ఏం వేస్తుందా అని మనవరాలు చూస్తుంటే, నిన్నటి బ్రెడ్ మెత్తటి భాగం గుప్పెడు తీసి నీళ్లలో తడిపి పిండింది. ఆ సీమలో అక్రోట్ల సాస్‌కు చిక్కదనం తేవడానికి పాలలో నానేసిన బ్రెడ్ వెయ్యడం పాత అలవాటు. పాల బదులు నీళ్లు, అంతే తేడా.

రోట్లో ముందు చిన్న వెల్లుల్లి రెబ్బ, రాళ్ల ఉప్పు. తర్వాత ఆ కొంచెం బేసిల్. తర్వాత ఉడికిన ఆకు, అక్రోట్లు, బ్రెడ్. పొడవడం కాదు, గోడకు ఆనించి నూరడం. ఉప్పు రాళ్లే ఆకును కోస్తాయి.

ఇక నూనె వంతు వచ్చింది. మనవరాలు టీ చెంచాతో కొలిచి ఒక్క చెంచా పోసి సీసా మూత పెట్టింది.

అవ్వ రోకలి ఆపింది. “చీజ్ దూడ కోసం మానేశావు. నేను ఏమన్నా అన్నానా?”

“లేదవ్వా.”

“నూనె ఎవరికోసం మానేశావు?”

పిల్ల మాట్లాడలేదు. అవ్వ కూడా మళ్లీ అడగలేదు. రోకలి పిల్ల చేతికిచ్చి, “నా భుజం లాగుతోంది, నువ్వు నూరు” అంది. చొక్కా పొడుగు చేతులు రోట్లో పడుతున్నాయి. రెండుసార్లు వెనక్కి తోసుకుంది. మూడోసారి విసుగొచ్చి మోచేతుల పైదాకా మడిచేసింది. తను ఏడాదిగా దాచుకున్న బొద్దు చేతులు. ఎడమ చెయ్యి పిడి పట్టి రోటిని తిప్పుతోంది, కుడిచెయ్యి రోకలిని ఎదురు తిప్పుతోంది. పచ్చటి ముద్ద అంచుల మీంచి జారి మధ్యకు వస్తోంది. అవ్వ పక్కన నిలబడి నూనె సన్నటి ధారగా పోస్తోంది. అర గ్లాసు పట్టింది. ఆఖర్న నిమ్మరసం పిండారు.

మైదా, నీళ్లు తప్ప ఇంకేమీ లేని ట్రోఫియె పాస్తాను బంగాళదుంప ముక్కలు, బీన్స్, ఆ తరిగి ఉంచిన చార్డ్ ఈనెలతో కలిపి ఒకే గిన్నెలో ఉడికించి, పెస్టో కలిపారు. పిల్ల పళ్లెం ఖాళీ చేసి, రోటి లోపలి గోడను బ్రెడ్ ముక్కతో తుడుచుకుని తింది. అద్దం మీది దుప్పటి ఆ పూట తియ్యలేదు. నీతి కథ కదా అని ఒక్క పూటలో అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను.

బుట్ట అడుగున మిగిలిన చార్డ్ ఆకొకటి రోటిని అడిగింది: “ఇంతకీ బేసిల్ అందమైనదా, మేమా?”

“నా పని నూరడం” అంది రోలు.

నీతి: ఆకును బట్టి పచ్చడి చేసుకోవాలి, పచ్చడిని బట్టి ఆకును కోయకూడదు.

ఈ కథకు ఇంకో నీతి చెప్పడం తేలిక: అందరూ అందగత్తెలే, అందరూ అందగాళ్లే అని. రోలు ఆ మాట అనలేదు, నేనూ అనను. లావుగా ఉన్నానని కుమిలే పిల్లతో “లేదమ్మా, నువ్వు అందంగానే ఉన్నావు” అంటే ఆమెను మళ్లీ అదే అద్దం ముందుకు తోసినట్టే. తీర్పు మారిందే గానీ కోర్టు మారలేదు. పనికొచ్చిన ఒళ్లే మంచి ఒళ్లని కూడా ఈ కథ అనదు. రోకలి పట్టలేని చేతులకూ పెస్టో పెట్టాల్సిందే.

ఒక్క కొలతతో అందరినీ కొలిచే అలవాటు పాతదే. బరువును ఎత్తు వర్గంతో భాగించే సూత్రం 1830ల నాటిది. దాన్ని తయారుచేసిన అడాల్ఫ్ కెట్లే బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు, గణాంకాల మనిషి. ఆయన వైద్యుడు కాడు. జనం మొత్తంలో సగటు మనిషి ఎలా ఉంటాడో చూడాలన్నది ఆయన ఆసక్తి. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. జనాభాను అంచనా వెయ్యడానికి పుట్టిన ఆ లెక్క ఇప్పుడు కాలేజీ పిల్లల ఫోన్లలో తీర్పులు చెబుతోంది. కండ ఎంతో కొవ్వు ఎంతో కూడా దానికి తెలియదు.

మన సంగతికి వస్తే నాకు ఆశ్చర్యమూ కోపమూ రెండూ వస్తాయి. ఆకుకో పద్ధతి ఉండాలన్న జ్ఞానం జెనోవా నుంచి మనం తెచ్చుకోనక్కర్లేదు. గోంగూరను నూనెలో మగ్గబెట్టి నూరతాం. కొత్తిమీరను పచ్చిగానే నూరినా బాగుంటుంది. చింతచిగురును అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరతాం. తోటకూర కాడలను పారేయకుండా పులుసులో వేస్తాం. గోంగూరను కొత్తిమీరలా సన్నగా ఎందుకు లేవని తిట్టిన ఇల్లాలిని నేను చూడలేదు. అదే వంటింట్లో, అదే ఇల్లాలు, కూతురిని మాత్రం పక్కింటి పిల్లతో కొలుస్తుంది. రంగు చామనఛాయ అయితే ఒక మాట, ఒళ్లు చేస్తే ఒక మాట, చిక్కితే ఇంకో మాట. పెళ్లిచూపుల నాటికి ఆ మాటలన్నీ ఒక జాబితా అవుతాయి.

నూనె సంగతి కూడా చెప్పాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె, బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. అవ్వ పోసింది ఊరికే పోయలేదు. పాలు, చీజ్ దూడ కోసం మానేసినవాళ్లు బి12 మాత్ర మరవకూడదు, ఆకుల్లో అది దొరకదు. పెస్టోలో పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగి ఉంటుంది కాబట్టి బయట పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచి మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. ఇక పిల్ల తిండి మానేయడం ముదిరితే అది జబ్బు. దానికి కథలూ చాలవు, మందలింపులూ చాలవు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈసారి పండక్కి హాస్టల్ నుంచో అమెరికా నుంచో పిల్లలు దిగినప్పుడు, గుమ్మంలోనే చిక్కావనో ఒళ్లు చేశావనో అనకండి. కాళ్లు కడుక్కోమని చెప్పి కంచం పెట్టండి. పచ్చట్లో నూనె మీరే పొయ్యండి, చెంచాతో కొలవకుండా.